బరువు తగ్గడం లేదా? న్యూట్రిషనిస్ట్ సాయం ఎలా తీసుకోవాలి

సంగటి మానేసి ఓట్స్ మొదలుపెట్టి, నెల తిరక్కుండానే మళ్లీ సంగటికి వచ్చేసినవాళ్లు అనంతపురంలో ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. వాళ్లకు పట్టుదల లేదని ఇంట్లోవాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. వాళ్లు పట్టుకున్న డైట్ చార్ట్ వాళ్ల వంటింటిని చూసి రాసింది కాదు. అందులో బ్రౌన్ బ్రెడ్, అవకాడో ఉంటాయి. ఉగ్గాని, ఊరిబిండి, చిత్రాన్నం ఉండవు. అలాంటి చార్ట్ పట్టుకుని రోజూ తమ ఇంటి తిండితోనే పోరాడుతుంటే ఎవరైనా అలిసిపోతారు.

మంచి న్యూట్రిషనిస్ట్ మీ పళ్లెంలో ఏది ఎంత ఉండాలో సరిచేస్తారు, పళ్లెమే మార్చేయరు. అయితే మీరు ఏం తింటున్నారో తెలియకపోతే ఎంత చదువుకున్నవాళ్లైనా గాల్లో లెక్కలే వేయాలి. అందుకే అపాయింట్‌మెంట్‌కు ముందు మీరు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి.

1. టేపుతో మొదలుపెట్టండి

ఎత్తును మీటర్లలో రాసుకుని దాన్ని దానితోనే గుణించండి. వచ్చిన సంఖ్యతో బరువును భాగిస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే సంఖ్య, వస్తుంది. 155 సెంటీమీటర్ల ఎత్తు, 68 కిలోల బరువు ఉన్న ఆమెకు అది 28 పైచిలుకు. మన దేశంలో 23 నుంచి అధిక బరువుగా, 25 నుంచి ఊబకాయంగా లెక్కేస్తారు. మనవాళ్లకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగర్, గుండెజబ్బులు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఈ హద్దులు పాశ్చాత్య దేశాల కంటే తక్కువగా పెట్టారు.

నడుము కొలత కూడా తీసుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే పట్టించుకోవాల్సిందే.

ఇక ఎంత తగ్గాలి? చాలామంది పెళ్లినాటి బరువును లక్ష్యంగా పెట్టుకుని అది అందక దిగులు పడతారు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ మెరుగుపడతాయి. 80 కిలోల మనిషికి అది 4 నుంచి 8 కిలోలు. మొదటి లక్ష్యం అంతే పెట్టుకోండి.

2. ఒకసారి డాక్టరుకు చూపించుకోండి

తిండి తగ్గించినా బరువు దిగకపోతే కారణం తిండి ఒక్కటే కాకపోవచ్చు. థైరాయిడ్ మందగించడం, ఆడవాళ్లలో హార్మోన్లు తేడా చేసి నెలసరి తప్పే పీసీఓడీ, నిద్రలో గురకపెట్టి ఊపిరి ఆగే జబ్బు, ఇవన్నీ బరువుతో ముడిపడినవే. ఆయాసానికో కీళ్లనొప్పులకో వాడే స్టెరాయిడ్లు, కొన్ని మానసిక ఆరోగ్య మందులు, కొన్ని ఫిట్స్ మందులు, ఇన్సులిన్ కూడా బరువు పెంచగలవు. అలాగని ఏ మందూ సొంతంగా ఆపకూడదు. దానికి బదులు వేరేది ఉందా అని రాసిన డాక్టరునే అడగండి.

థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, షుగర్‌కు హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్‌కు లిపిడ్ ప్రొఫైల్, రక్తహీనతకు హిమోగ్లోబిన్ పరీక్షలు సాధారణంగా రాస్తారు. థైరాయిడ్ గురించి ఒక మాట. దానివల్ల పెరిగే బరువు చాలామందిలో కొద్ది కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో చేరిన నీరు. మాత్ర వేసుకుంటే ఆ మేరకు సర్దుకుంటుంది, మిగతా బరువుకు తిండీ నడకా చూసుకోవాల్సిందే. ‘నాకు థైరాయిడ్ ఉంది, ఇక తగ్గను’ అని నిరాశపడిన ఆడవాళ్లను చూసినప్పుడల్లా బాధేస్తుంది. తగ్గొచ్చు.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి తగ్గించే ముందే డాక్టరుకు చెప్పాలి. మందు మోతాదు అలాగే ఉంచి అన్నం సగం చేస్తే షుగర్ ఉన్నట్టుండి పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా వెళ్లొచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎవరో ఇచ్చిన చార్ట్‌ను అసలు పట్టుకోకూడదు.

3. వారం రోజుల తిండి రాసుకోండి

మొత్తం పనిలో నేను ఎక్కువ విలువిచ్చేది దీనికే. పిల్లల పాత నోట్‌బుక్ ఒకటి వంటింట్లో పెట్టుకుని, నోట్లో వేసుకున్న ప్రతిదీ అప్పటికప్పుడు రాయండి. రాత్రి పడుకునే ముందు గుర్తు చేసుకుని రాస్తే సగం మరిచిపోతాం. ఆదివారం తప్పకుండా కలవాలి, చియ్యల (మాంసం) కూర ఆ రోజే కదా వండేది. ఈ వారం ఏమీ మార్చకుండా ఎప్పటిలాగే తినండి. న్యూట్రిషనిస్ట్‌కు కావాల్సింది మీ మామూలు తిండి, పరీక్షకు తయారైన తిండి కాదు.

‘సంగటి, పప్పు’ అని రాస్తే సరిపోదు. ముద్ద ఎంత? ఇంట్లో చిన్న తూకం ఉంటే ఒక్కసారి తూచి రాయండి, లేకపోతే పిడికిలి పక్కన పెట్టి ఫోన్‌లో ఫొటో తీయండి. మా వైపు సంగటికి ఒక పేరుంది, బరువు తగ్గిస్తుందని. లెక్క చూస్తే రాగిపిండి 100 గ్రాముల్లో దాదాపు 320 క్యాలరీలు, బియ్యంలో 350 దాకా ఉంటాయి. పెద్ద తేడా ఏమీ లేదు, పైగా సంగటిలో బియ్యం కూడా పడుతుంది. రాగుల గొప్పతనం వేరే చోట ఉంది. పీచు 100 గ్రాములకు 11 గ్రాముల వరకు ఉంటుంది, తెల్ల బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. క్యాల్షియం 300 మిల్లీగ్రాములకు పైనే. అందుకని సంగటిని వదలక్కర్లేదు, ముద్ద పరిమాణం మాత్రం తెలియాలి.

తర్వాత బుడ్డలు, అంటే వేరుశెనగలు. ఆ పంటకే పేరు పడిన జిల్లా మనది, వంటింట్లో అవి లేని రోజు ఉండదు. పొద్దున ఇడ్లీలోకి బుడ్డల చట్నీ, మధ్యాహ్నం వంకాయ కూరలో బుడ్డల పొడి, సంగటి పక్కన ఊరిబిండి, సాయంత్రం ఉడకబెట్టినవో వేయించినవో ఒక దోసెడు. వీటిలో ఏదీ చెడ్డది కాదు, మాంసకృత్తులు పుష్కలంగా ఉన్న గింజ అది. కానీ ఒక పిడికెడు, అంటే సుమారు 30 గ్రాములు, 150 క్యాలరీలు దాటుతుంది. నాలుగు రూపాల్లో నాలుగుసార్లు తిన్నప్పుడు మనం దాన్ని ఒక్కసారిగా కూడా లెక్కేసుకోం. నోట్‌బుక్‌లో నాలుగు చోట్లా రాస్తేనే కనిపిస్తుంది.

నూనెను రోజువారీగా కొలవడం కష్టం, నెల లెక్క చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, రోజుకు 2000 క్యాలరీల తిండికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలని చెప్పింది. నలుగురున్న ఇంటికి నెలకు మూడుంబావు కిలోలు, అంటే సుమారు మూడున్నర లీటర్లు. మీ ఇంటికి నెలకు ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో కిరాణా చీటీ తీసి చూడండి. గానుగ నూనె అయినా, రిఫైన్డ్ అయినా గ్రాముకు 9 క్యాలరీలే. రుచీ వాసనా మీ ఇష్టం, క్యాలరీల్లో మాత్రం తేడా లేదు.

టీ కూడా రాయాలి. రెండు స్పూన్ల చక్కెరతో రోజుకు నాలుగు టీలు తాగితే 40 గ్రాముల చక్కెర. అదే సంస్థ రోజుకు 20 నుంచి 25 గ్రాములు దాటొద్దంటోంది. పిల్లలు పళ్లెంలో వదిలేసిన అన్నం పారేయలేక మీరు తిన్నదీ, వంట రుచి చూసిందీ, బజ్జీల బండి దగ్గర స్నేహితులతో తిన్నదీ, అన్నీ రాయండి. పక్కనే ఎప్పుడు పడుకున్నారు, ఆ రోజు ఎంత టెన్షన్‌గా ఉంది అన్నది ఒక్క ముక్కలో రాస్తే ఇంకా మంచిది. ఆకలి లేకుండా తిన్న రోజులు అప్పుడు బయటపడతాయి.

4. ఎవరి దగ్గరికి వెళ్లాలి

న్యూట్రిషన్ లేదా డైటెటిక్స్‌లో డిగ్రీ, పీజీ చేసినవాళ్లను చూసుకోండి. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో హోంసైన్స్ ఉంది, అక్కడ ఈ చదువు చదివినవాళ్లకు మన తిండి గురించి వేరేగా వివరించాల్సిన పని ఉండదు. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష రాసి గుర్తింపు పొందినవాళ్లను రిజిస్టర్డ్ డైటీషియన్ అంటారు. ‘మీరు ఏం చదివారు మేడమ్?’ అని అడగడం అమర్యాద ఏమీ కాదు.

అనంతపురం, కర్నూలు, కడపల్లో ముందు పెద్దాసుపత్రిలో వాకబు చేయండి. మూడు చోట్లా మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు ఉన్నాయి. జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించుకుని, డైటీషియన్ దగ్గరికి పంపమని డాక్టరునే అడగొచ్చు. ఊళ్లో ఎవరూ దొరక్కపోతే బెంగళూరు, హైదరాబాద్ వాళ్లతో వీడియో కాల్‌లో మాట్లాడినా పని జరుగుతుంది, మీ నోట్‌బుక్ పేజీల ఫొటోలు ముందే పంపితే.

కొందరి దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. నెలలో 10 కిలోలు గ్యారంటీ అనేవాళ్లు, పరీక్షలు చూడకుండానే చార్ట్ ఇచ్చేవాళ్లు, తమ దగ్గరే పౌడర్ డబ్బా కొనాలని పట్టుబట్టేవాళ్లు. డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబర్ ఉందని చూపిస్తారు. అది ఆహార వ్యాపారానికి ఇచ్చే లైసెన్స్, బరువు తగ్గిస్తుందనడానికి రుజువు కాదు.

5. మొదటిసారి కూర్చున్నప్పుడు

నోట్‌బుక్, పరీక్షల రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీలు తీసుకెళ్లండి. ఇంటి సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. “మేడమ్, మా ఇంట్లో వంట మా అత్తమ్మ చేస్తారు. నాకోసం వేరేగా వండుకోవడం కుదరదు. అందరికీ చేసిన కూరలోనే నేను ఏం మార్చుకోవాలో చెప్పండి.” ఇలా అడిగితే మీకు ఉపయోగపడే చార్ట్ వస్తుంది. శనివారం ఒక్కపొద్దు ఉంటారా, రాత్రి డ్యూటీ ఉందా, నెలకు పండ్లకూ గుడ్లకూ ఎంత పెట్టగలరు, ఇవి కూడా చెప్పాలి. తిన్నది దాచొద్దు. చాలామంది బజ్జీలు చెప్పడానికి సిగ్గుపడతారు. చెప్పకపోతే చార్ట్‌లో వాటికి చోటు ఉండదు, చోటు లేనిది రెండో వారంలో చార్ట్‌నే పక్కకు నెట్టేస్తుంది.

‘సంగటి తినొచ్చా?’ అని కాకుండా ‘ఎంత ముద్ద, ఎన్నిసార్లు?’ అని అడగండి. ‘ఓళిగలు (బొబ్బట్లు) చేసిన రోజు ఏం చేయాలి? పెళ్లి భోజనంలో ఏం వదలాలి?’ అని అడగండి. వారానికి అరకిలో చొప్పున తగ్గడం క్షేమం. రోజుకు 1000 క్యాలరీల కంటే తక్కువకు దింపే చార్ట్ ఇస్తే కారణం చెప్పమనండి.

6. చార్ట్ చేతికొచ్చాక

అన్నీ ఒకేసారి మార్చకండి. సంగటి ముద్ద మూడో వంతు తగ్గించి, ఆ చోట మటిక్కాయల (గోరుచిక్కుడు) కూరో, ఆకుకూర పప్పో పెంచండి. పప్పు పలచగా నీళ్లలా కాకుండా గట్టిగా ఉండాలి. కందిబ్యాళ్లు 30 గ్రాములకు 6 గ్రాములకు పైగా మాంసకృత్తులు వస్తాయి, గుడ్డులోనూ దాదాపు అంతే. బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా ఉండాలంటే ఇవి తగ్గకూడదు. ఉగ్గాని తినాలనిపిస్తే నూనె రెండు స్పూన్లతో సరిపెట్టి, ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), టమోటా ఎక్కువ వేసుకోండి. బజ్జీ నాలుగు తినే చోట ఒకటి.

నడకకు వారానికి కనీసం 150 నిమిషాలు కావాలి. మన ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఏడు గంటల్లోపే ముగించాలి. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ మైదానం దాకా వెళ్లలేనివాళ్లు మిద్దె మీద నడిచినా సరే. వారంలో రెండు రోజులు కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులానించి తోయడం లాంటి కండబలం పెంచే కసరత్తులు కలపండి.

7. తూకం ముల్లు కదలనప్పుడు

మొదటి రెండు వారాల్లో గబగబా తగ్గేది చాలావరకు నీరు. తర్వాత నెమ్మదిస్తుంది. రెండు మూడు నెలలకు అసలు ఆగిపోయినట్టు అనిపించొచ్చు. బరువు తగ్గిన శరీరానికి ముందున్నంత తిండి అవసరం ఉండదు, అందుకే మొదట పనిచేసిన చార్టే ఇప్పుడు బరువును ఉన్నచోటే ఉంచుతుంది. మరోవైపు ముద్ద సైజు మనకు తెలియకుండానే పెరిగి ఉంటుంది. అప్పుడు పూట మానేయకండి. మళ్లీ మూడు రోజులు రాసుకోండి, నూనె కొలవండి, నడుము చూసుకోండి. ముల్లు కదలకపోయినా నడుము రెండు సెంటీమీటర్లు తగ్గి ఉండొచ్చు.

బరువు వారానికి ఒక్కసారే, ఒకే రోజు, పొద్దున్నే ఏమీ తినకముందు చూడండి. రోజూ చూసుకుంటే ఉప్పు, నెలసరి, నిద్ర వల్ల వచ్చే తేడాలకే మనసు పాడవుతుంది. మొదటి నెలలో పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత నెలకోసారి న్యూట్రిషనిస్ట్‌ను కలవడం చాలామందికి సరిపోతుంది. ఫీజు భారమైతే ముందే చెప్పి, మధ్యలో విజిట్లకు బదులు నోట్‌బుక్ ఫొటోలు పంపి ఫోన్‌లో మాట్లాడే వీలుందేమో అడగండి. మూడు నెలలు నిజాయితీగా పాటించినా బరువూ నడుమూ రెండూ కదలకపోతే ఆ నోట్‌బుక్ తీసుకుని డాక్టరు దగ్గరికే మళ్లీ వెళ్లాలి. బరువు తగ్గించే ఇంజెక్షన్లు, ఆపరేషన్ లాంటివి ఎవరికి అవసరమో తేల్చేది వాళ్లే.