సర్వీస్ పొడుగా, పొట్టా? ముందు నోటితో చెప్పండి

టేబుల్ టెన్నిస్‌లో సర్వీస్‌ని కొడదామా, పుష్ చేద్దామా (బంతి కింద రాస్తూ మెల్లగా తోయడం) అని తేల్చుకునేలోపే బంతి మీదకొచ్చేస్తుంది. తోటి ఆటగాడిని పొట్టివి, పొడుగువి కలిపి 20 సర్వీస్‌లు వేయమనండి. మీరు బ్యాట్ కదపొద్దు. బంతి మీ వైపు పడేలోపే ‘పొడుగు’ లేదా ‘పొట్టి’ అని పైకి అనండి, అంతే. కాస్త నవ్వొస్తుంది, పర్లేదు. మీ వైపు ఒకసారి పడ్డాక వదిలేస్తే, తర్వాతి (రెండో) బౌన్స్ టేబుల్ బయట పడేదే పొడుగు. అలాంటి సర్వీస్ మామూలుగా మొదట వేసేవాళ్ల అంచు దగ్గరే తాకుతుంది, చూపు అక్కడ పెట్టండి.

తర్వాతి 20లో పొడుగువాటినే టాప్‌స్పిన్‌తో (బంతి ముందుకు తిరిగేలా) కొట్టండి, సగం బలం చాలు. వచ్చేది బ్యాక్‌స్పిన్ (వెనక్కి తిరిగే బంతి) అయితే మోకాళ్లు వంచి, బంతిని రాస్తూ పైకి లేపాలి.

రెండో బౌన్స్ సరిగ్గా అంచు మీద పడేవాటితో ఈ లెక్క తప్పుతుంది. అనుమానమొస్తే పుష్ చేసేయండి.