పెసలు, మినుములతో పరిణామం: పెరట్లో చేసే ప్రయోగం

మా పల్నాడులో పత్తి వేసే ఇంటి పిల్లల్ని అడిగితే పత్తికాయల్ని తొలిచే గులాబీ రంగు పురుగు గురించి నాకంటే ఎక్కువే చెప్తారు. చివర్లో మాత్రం "పురుగు మందుకి అలవాటు పడిపోయింది మేడమ్" అంటారు. జీవశాస్త్రం టీచరుగా ఇరవై రెండేళ్లుగా నేను సరిదిద్దుతున్నది ఈ మాటనే. ఏ పురుగూ అలవాటు పడలేదు. చచ్చేవి చచ్చాయి, పుట్టుకతోనే తట్టుకోగలిగిన కొన్ని బతికి గుడ్లు పెట్టాయి. ఇలా తరాలు గడిచేకొద్దీ జీవుల గుంపులో వచ్చే మార్పే పరిణామం. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం భాగాన్ని తీసేసినప్పుడు నాకు చాలా బాధేసింది. అందుకే బడిలో చేయించే ఈ ప్రయోగాన్ని ఇంట్లోనూ చేసుకునేలా రాస్తున్నాను.

చెరో పావుకిలో పెసలు, మినుములు తీసుకోండి. మినపగుండ్లు పనికిరావు, నల్ల పొట్టుతో ఉన్న మినుములే కావాలి. రెండూ ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి. మొదటిసారి నేను పెసలకు బదులు శనగలు వాడాను. నల్లమట్టి మీద పిల్లలు శనగల్నే ఎక్కువ ఏరారు. "చూశారా, రంగు వల్లే" అని నేను చెప్తుంటే వెనక బెంచీ అబ్బాయి లేచి, "పెద్దవి కాబట్టి దొరికాయేమో మేడమ్" అన్నాడు. వాడిదే రైటు. రంగు ప్రభావం తెలియాలంటే రంగు ఒక్కటే మారాలి, మిగతావన్నీ ఒకేలా ఉండాలి. సైన్సు పద్ధతి మీద నేను చెప్పిన పాఠాలన్నిటికంటే ఆ ఒక్క ప్రశ్నే ఆ క్లాసుకి ఎక్కువ నేర్పింది.

మీటరు పొడవు, మీటరు వెడల్పు నల్లరేగడి నేల చాలు. గడ్డలు చిదిపి, ఆకులూ రాళ్లూ తీసేసి నీళ్లు చిలకరించండి. ఎండిన రేగడి బూడిద రంగులో ఉంటుంది, తడిస్తేనే మినుముల నలుపు దగ్గరికి వస్తుంది. అపార్టుమెంట్లో ఉంటే ముదురు రంగు పువ్వుల దుప్పటి పరవండి. మరీ సాదా బట్టయితే రెండు గింజలూ కనిపించిపోతాయి.

మొదలుపెట్టే ముందే పిల్లల చేత ఊహ రాయించండి. "తడి రేగడి మీద పెసలు ఎక్కువ పోతాయి, ఎందుకంటే అవి కంటికి ఆనతాయి" అన్నట్టు, కారణంతో సహా రాయాలి. పెన్నుతోనే రాయించండి. ఫలితం చూశాక చెరిపి దిద్దుకోకూడదు.

ఇప్పుడు పెసలు 50, మినుములు 50 కలిపి చల్లండి. ఒకరు చప్పట్లు కొడుతుంటే ఇంకొకరు పిట్టలా ఒక్కో చప్పట్టుకి ఒక్కో గింజ ఏరి గిన్నెలో వేయాలి. చప్పట్లు లేకపోతే పిల్లలు తీరిగ్గా వెతుకుతారు, తేడా తగ్గిపోతుంది. 50 చప్పట్లకు ఆపేయండి.

నేల మీదివి లెక్కపెట్టే పని లేదు. గిన్నెలో పెసలు 34, మినుములు 16 ఉన్నాయనుకోండి. అంటే నేల మీద పెసలు 16, మినుములు 34 బతికాయి. బతికిన ఒక్కో గింజకీ అదే రంగు పిల్ల ఒకటి పుట్టిందనుకుని ఇంకో 16 పెసలు, 34 మినుములు చల్లండి. రెండో తరం 32, 68 అవుతుంది. ఇలా మూడు నాలుగు తరాలు చేసి, ప్రతి తరం లెక్కా పట్టికలో రాయండి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి అడగండి: "ఒక్క పెసర గింజైనా నల్లగా మారిందా?" లేదు. గింజలు అలాగే ఉన్నాయి, గుంపులో పాళ్లే మారాయి. ఇదే ప్రకృతి వరణం.

కంట్రోల్, అంటే రంగు ప్రభావం లేకుండా పోల్చి చూసుకునే ప్రయోగం కూడా చేయాలి, చాలామంది వదిలేసేది దీన్నే. మళ్లీ 50, 50 గింజలు డబ్బాలో కలిపి, కళ్లు మూసుకుని ఒక్కోటి చొప్పున 50 తీయండి. పాళ్లు అటూ ఇటూ కాస్త ఊగుతాయి గానీ, ఎన్నిసార్లు చేసినా ఒకే రంగు వైపు మొగ్గవు. ఆ కాస్త ఊగడం కేవలం యాదృచ్ఛికం. నేల మీద వచ్చిన తేడా అంతకంటే బాగా ఎక్కువగా ఉంటేనే మీ ఊహకి బలం వచ్చినట్టు. ఆ తర్వాత పచ్చగడ్డి మీద చేయండి, ఈసారి ఊహ కూడా తిరగరాయించండి.

చివరి ఆట పత్తి చేను. బీటీ పత్తి అంటే, పురుగుని చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా ఒక బ్యాక్టీరియా జన్యువు పెట్టిన పత్తి. పెసలు బీటీకి చచ్చే పురుగులు, మినుములు తట్టుకునేవి. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువుల రకం 2006లో వచ్చింది. 2010 నాటికే గుజరాత్‌లో మొదటి రకాన్ని తట్టుకునే గులాబీ పురుగు బయటపడింది. 450 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఇచ్చేవాళ్లు. మా వైపు చాలామంది దాన్ని చేలో వేయలేదు. దాని పని చూపించడానికి, తడి రేగడి మీద పావు వంతు మూలకి తాడు కట్టి, అక్కడ ఏరకూడదని చెప్పండి. ఆ మూలలో పెసలు నిలిచిపోతాయి, మినుముల వాటా పెరగడం నెమ్మదిస్తుంది. ఆటలో గింజలు జతకట్టవు కదా, కాబట్టి ఆ ముక్క మీరే నోటితో చెప్పాలి: నాన్ బీటీ మొక్కల మీద బతికిన మామూలు పురుగులు రెక్కలొచ్చాక, తట్టుకునే కొద్దిపాటి వాటితో జతకడితే పుట్టే పిల్లల్లో ఎక్కువ భాగం బీటీకి చచ్చిపోతాయి.