ఇటలీ తరహాలో పల్లెటూరి ఇంటి తోట – మూడో పాఠం: ముందు కుర్చీ, తర్వాతే ఫౌంటెన్

మొదటి పాఠంలో స్థలం కొలిచి కాగితం మీద గీసుకున్నాం, ఏ వేళకి ఎండ ఎక్కడ పడుతోందో గుర్తులు పెట్టుకున్నాం. రెండో పాఠంలో ఇంటి ముఖ్యమైన తలుపు నుంచో పెద్ద కిటికీ నుంచో తోటలోకి ఒక నడిగీత లాగాం. ఆ రెండు కాగితాలూ దగ్గర పెట్టుకుని ఇది చదవండి, ఇవాళ్టి పనంతా వాటి మీదే నడుస్తుంది. ఇవాళ ఇంటిని ఆనుకుని ఉండే ప్రాంగణాన్ని మొదలుపెడుతున్నాం. మొక్కల జోలికి ఇంకా వెళ్లడం లేదు.

ఇటాలియన్ తోట అనుకోగానే చాలామంది ముందు ఒక విగ్రహమో, మూడంతస్తుల ఫౌంటెనో కొనేస్తారు. కొన్నాక దాన్ని ఎక్కడ పెట్టాలా అని తోటంతా తిరుగుతారు. ఈ వరసని తిరగేయమని నేను గట్టిగా చెబుతాను. మీరు ఎక్కడ కూర్చుంటారో ముందు తేలాలి, అక్కడికి నీడ ఎలా వస్తుందో తర్వాత చూడాలి, ఆ నీడలోంచి ఏం కనిపించాలో ఏం వినిపించాలో ఆ తర్వాత. అలంకారం సంగతి వీటన్నిటికన్నా చివర.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. సుమారు పంతొమ్మిది వందల ఏళ్ల కిందట రోమన్ న్యాయవాది చిన్న ప్లినీ, ఇటలీలోని అపెనైన్ కొండల పాదాన ఉన్న తన పల్లెటూరి ఇంటి గురించి ఒక స్నేహితుడికి చాలా పెద్ద ఉత్తరం రాశాడు. ఆ ఇంట్లో ఒక చిన్న ప్రాంగణం ఉండేది. నాలుగు ప్లేన్ చెట్ల (మన చినార్ జాతి నీడచెట్లు) నీడ, వాటి మధ్య ఒక పాలరాతి తొట్టి, దాని అంచుల మీదుగా పొర్లే నీళ్లు, ఆ సన్నని తుంపర చెట్లకీ వాటి కింది గడ్డికీ తగులుతూ ఉండటం, చుట్టూ గదులు. ఆ ఉత్తరంలోనే ఇంకోచోట, తోటలో నీళ్ల తొట్టి పక్కన కూర్చుని భోజనం చేసే ఏర్పాటు గురించి కూడా రాశాడు: బరువైన పళ్లేలు తొట్టి అంచు మీద, తేలికైనవి చిన్న పడవల్లా, పక్షుల్లా నీళ్లమీద తేలుతూ. అంటే నీళ్లని దూరంగా నిలబడి చూడటానికి పెట్టలేదు, మనిషి కూర్చునే చోటికి తెచ్చారు.

దాదాపు పదిహేనొందల ఏళ్ల తర్వాత, పదహారో శతాబ్దంలో, ఇటలీలోని వితెర్బో దగ్గర బాన్యాయా ఊళ్లో కార్డినల్ (క్యాథలిక్ చర్చి పెద్ద) గంబారా కట్టించిన విల్లా లాంతేలోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. అక్కడ ఒక పొడవాటి రాతి భోజనబల్ల ఉంది, దాని నడుమ సన్నటి కాలువలో నీళ్లు పారుతుంటాయి. తోట పైభాగంలో పుట్టిన నీరు మెట్టు మెట్టుగా దిగుతూ ఆ బల్ల మీదుగా కిందికి పోతుంది. ఇంకో విశేషం, అక్కడ ఇల్లు ఒకటే పెద్దది కట్టకుండా రెండు చిన్న భవనాలుగా కట్టి నడిగీతని తోటకి వదిలేశారు. ఇటలీ తోటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన నిర్ణయం ఇదే.

మనం కార్డినళ్లం కాము కాబట్టి వాళ్ల నుంచి ఆలోచన తీసుకుందాం, సామాను మాత్రం ఇటలీలోని టస్కనీ ప్రాంతపు రైతు ఇంటి నుంచి తీసుకుందాం. ఆ పాత రైతు ఇళ్ల ముందు ధాన్యం నూర్చే కళ్లం ఉండేది, ఇటుకో రాయో పరిచిన చదునైన నేల. పైన కప్పు లేదు, పక్కన ద్రాక్ష పందిరి, గోడకి ఆనించిన బల్ల, రెండు మట్టి కుండీలు. వ్యవసాయం తగ్గాక చాలా ఇళ్లలో ఆ కళ్లాలే కూర్చునే ప్రాంగణాలయ్యాయి. పల్లెటూరి ఇంటికి ఈ నమూనా చక్కగా సరిపోతుంది, పాలరాయి పెట్టి బరువెక్కించాల్సిన పని లేదు.

కుర్చీ పరీక్ష

ఒక మామూలు కుర్చీ తీసుకుని ఇంటి చుట్టూ మీకు నచ్చిన మూడు నాలుగు చోట్ల వేసి కూర్చోండి. ఒక్కో చోట పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కనీసం పావుగంట. ఫోన్ పక్కన పెట్టి, కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: ఎండ ఎటు నుంచి వస్తోంది, గాలి ఎటు నుంచి, ఎదురుగా ఏం కనిపిస్తోంది, ఏం చప్పుడు వినిపిస్తోంది. మోటారు గది, సెప్టిక్ ట్యాంకు మూత, కరెంటు స్తంభం, పక్కవాళ్ల కిటికీ లాంటివి నిలబడి తిరిగినప్పుడు అంతగా పట్టవు, కూర్చుంటే తప్పించుకోలేం.

కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి దాదాపు 1.1 నుంచి 1.2 మీటర్ల ఎత్తులో ఉంటాయి. ప్రాంగణం గోడలన్నిటినీ ఈ ఒక్క కొలతే నిర్ణయిస్తుంది. దాచాల్సినవి ఉన్న వైపు గోడ గానీ కత్తిరించిన పొదల కంచె గానీ 1.5 మీటర్లకి తగ్గకూడదు, పక్కింటి మేడ లాంటి ఎత్తైనవైతే ఇంకా పెంచాలి. చూడదగ్గది ఉన్న వైపు, పొలాలో కొండో చెరువో ఏదైనా సరే, గోడని 45 సెంటీమీటర్లకి ఆపేయండి. 40 సెంటీమీటర్ల వెడల్పు పెట్టి కట్టిస్తే అదే అరుగు అవుతుంది, నలుగురు వస్తే అదనపు కుర్చీలు వెతుక్కోనక్కర్లేదు.

ఊరి మధ్య ఇంటికీ విశాలమైన పల్లె ఇంటికీ అసలు తేడా ఇక్కడే వస్తుంది. పాత రోమన్ ఊరు పాంపేలో వెత్తిల ఇల్లు అనే ఇంటి తోట చుట్టూ స్తంభాల వరండా ఉంటుంది, నాలుగు వైపులా మూసి ఉంటుంది, ఎందుకంటే బయట ఉన్నది వీధి. ఆ ఊళ్లో కొన్ని ఇళ్లలో తోట గోడ మీద మళ్లీ చెట్లనీ పక్షులనీ చిత్రించి స్థలం పెద్దగా కనిపించేలా చేశారు. మీకు నిజమైన చెట్లూ ఆకాశమూ ఉన్నప్పుడు నాలుగు వైపులా మూసేయడం నష్టమే. మూడు వైపులా మూయండి, ఒకవైపు తెరవండి. పూర్తిగా తెరవడానికి మనసొప్పకపోతే గోడలో ఒక్క చోట కిటికీ అంత ఖాళీ వదలండి. అదే పొలం ఆ ఖాళీలోంచి చూస్తే వేరేగా కనిపిస్తుంది, నమ్మకం కలగకపోతే అట్టపెట్టెలో కంత చేసి ఆ చోట నిలబెట్టి చూడండి.

ఎంత పెద్దది కావాలి? అనుకున్నదానికన్నా చిన్నది. నలుగురు కూర్చునే బల్లకి, కుర్చీలు వెనక్కి జరుపుకోవడానికి కలిపి 3 మీటర్లకి 3 మీటర్లు చాలు, చుట్టూ నడవడానికి ఒక మీటరు దారి వదిలితే 5 మీటర్ల చదరం అవుతుంది. దీనికి రెండింతలు చేస్తే ఇద్దరే కూర్చున్న రోజున ఖాళీగా, బోసిగా ఉంటుంది. ఇక వాతావరణం. ఎండ తీవ్రంగా ఉండే చోట ప్రాంగణం ఇరుకుగా, గోడలు కాస్త ఎత్తుగా ఉంటే రోజులో ఎక్కువ సేపు ఏదో ఒక పక్క నీడ ఉంటుంది. చలి ప్రాంతమైతే దీనికి వ్యతిరేకంగా వెడల్పుగా చేసి ఎండని లోపలికి రానివ్వాలి. సిసిలీ తోటనీ, ఫ్లోరెన్స్ కొండల మీది తోటనీ ఒకే గాటన కట్టకండి, ఏ ఫొటో చూసినా ముందు ఆ గోడ నీడ ఎంత పొడవుందో చూడండి.

నేల మీద గీత

స్థలం తేలాక పురికొస, కర్రమేకులు, సున్నం పొడి తీసుకోండి. ఇంటి గోడ పొడవునా ఒక తాడు కట్టండి. దానికి సరిగ్గా అడ్డంగా ఇంకో తాడు లాగాలంటే పాత పద్ధతే మంచిది: మూల నుంచి ఒక తాడు మీద 3 మీటర్ల దగ్గర గుర్తు, రెండో తాడు మీద 4 మీటర్ల దగ్గర గుర్తు, ఆ రెండు గుర్తుల మధ్య దూరం కచ్చితంగా 5 మీటర్లు వచ్చేదాకా రెండో తాడుని జరపండి. నాలుగు మూలలూ అయ్యాక ఎదురెదురు మూలల మధ్య కొలవండి, రెండు కొలతలూ సమానంగా ఉండాలి. ఇటాలియన్ తోట అందం చాలావరకూ ఈ కచ్చితత్వంలోనే ఉంది. మొక్కలు ఎంత ఒత్తుగా పెరిగినా కింద గీత తిన్నగా ఉంటే కన్ను కుదురుగా ఉంటుంది, గీత రెండు డిగ్రీలు తప్పినా ఏదో తేడాగా ఉందని తోస్తుంది గానీ ఏమిటో చెప్పలేం.

రెండో పాఠంలో లాగిన నడిగీత ఈ చదరంలోంచి పోవాలి. అది మధ్యలోంచే పోవాలని లేదు, కానీ ఎక్కడినుంచి పోతుందో అక్కడే ద్వారమో, కంచెలో ఖాళీయో, తొట్టో ఉండాలి. గోడకి గుద్దుకుని ఆగిపోయే నడిగీత ఉంటే ఇవాళే కాగితం మీద సరిచేయండి.

నేలకి ఒక ముఖ్యమైన పదార్థం, అంచుకి ఇంకొకటి, అంతే. కంకరకి ఇటుక అంచు, లేదా పాత ఇటుక నేలకి రాతి అంచు. మూడోది కలిపితే శాంపిల్స్ పరిచినట్టు ఉంటుంది. ఖర్చు తక్కువ, నీరు ఇంకుతుంది, తర్వాత మార్చుకోవచ్చు కాబట్టి మొదటిసారి చేసేవాళ్లకి నేను కంకరే చెబుతాను. పై మట్టి తీసేసి, 10 సెంటీమీటర్ల మందాన గట్టి రాతిముక్కల పొర వేసి దిమ్మిసతో బాగా గట్టిపరచాలి, దానిమీద 3 నుంచి 5 సెంటీమీటర్ల కంకర. అంతకన్నా మందంగా వేస్తే నడుస్తుంటే పాదం దిగబడుతుంది, కుర్చీ కాళ్లు ఊగుతాయి. గుండ్రటి గులకరాళ్లు చూడ్డానికి బాగుంటాయి గానీ కాలికింద దొర్లుతాయి, కోణాలున్న 6 నుంచి 10 మిల్లీమీటర్ల ముక్కలైతే ఒకదాన్నొకటి పట్టుకుని నిలుస్తాయి. బల్ల వేసే చోట మాత్రం ఇటుకో రాతి పలకలో పరవండి. పెద్దవాళ్లు చేతికర్రతో గానీ చక్రాల కుర్చీతో గానీ తిరిగే ఇల్లయితే దారి మొత్తం గట్టి నేలే ఉండాలి, ఇందులో సర్దుబాటు వద్దు.

వాలు మరిచిపోకండి. రాయి, ఇటుక పరిచిన నేల ఇంటి గోడ నుంచి బయటికి ప్రతి మీటరుకీ ఒకటిన్నర సెంటీమీటర్లు దిగాలి. రసమట్టం పెట్టి చూసుకోండి. మూడు వైపులా మూసిన ప్రాంగణంలో వాననీరు పోయే తూము ఎక్కడో నేల వేయకముందే తేల్చాలి, లేకపోతే ఆ నీరు పునాదుల్లోకి దారి వెతుక్కుంటుంది.

నీళ్లు

ఇప్పుడు తొట్టి. కుర్చీ నుంచి రెండు మూడు మీటర్ల దూరంలో, నడిగీత మీదో లేక కుర్చీకి ఎదురు గోడ దగ్గరో. చిన్న ప్రాంగణానికి గోడకి ఆనుకున్న తొట్టి నాకు నచ్చుతుంది, నడుమ స్థలం మిగులుతుంది, పైపు గోడలో దాగిపోతుంది. నడుమ ఫౌంటెనే కావాలనుకుంటే ఒక లెక్క గుర్తుంచుకోండి: నీరు ఎంత ఎత్తుకి ఎగురుతుందో తొట్టి వెడల్పు దానికి కనీసం రెండింతలు ఉండాలి. మీటరు వెడల్పు తొట్టిలో నీరు అర మీటరు దాటి ఎగిరితే గాలికి బయట పడుతుంది, తొట్టి రోజూ ఖాళీ అవుతుంది.

చప్పుడు గురించి ఎవరూ ముందు ఆలోచించరు, కానీ రోజూ పక్కన కూర్చునేది మీరే. నీరు 15 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి నిండుగా ఉన్న నీటిలోకి పడితే మెత్తటి శబ్దం. అదే ఎత్తు నుంచి రాతి మీద పడితే చిటపట. మీటరు ఎత్తు నుంచి పడితే మాటలు వినబడవు. కొనే ముందు బకెట్లో నీళ్లు నింపి చెంబుతో వేర్వేరు ఎత్తుల నుంచి పోసి వినండి, ఖర్చు లేని పరీక్ష. పంపుకి వేగం తగ్గించే అవకాశం ఉన్నదే తీసుకోండి, కరెంటు లైనుకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి, ఆ పని ఎలక్ట్రీషియనే చేయాలి. నీరు నిలిచిపోతే దోమలు గుడ్లు పెడతాయి కాబట్టి పంపు ఆపేసే రోజుల్లో వారానికి ఒకసారి తొట్టి ఖాళీ చేసి రుద్దండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే లోతు తక్కువే కదా అని ఊరుకోవద్దు, కొద్దిపాటి లోతు కూడా ప్రమాదమే. వాళ్లు పెద్దయ్యేదాకా తొట్టి నిండా గులకరాళ్లు నింపి నీరు వాటి మధ్యలోంచి ఉబికేలా చేయండి.

నీళ్ల దారి దొరకని చోట తొట్టి మానేయండి, ఏమీ పోదు. టస్కనీలోని వాల్ దోర్చా లోయలో లా ఫోచే అనే ఎస్టేటుని రచయిత్రి ఐరిస్ ఒరీగో దంపతులు 1924లో కొన్నప్పుడు అక్కడ నీటికి కటకటే. అమెరికాలో ఉన్న ఆమె నాయనమ్మ సాయంతో పైపు వేసి నీరు తెచ్చుకున్నాకే అసలు తోట మొదలైంది. అదైనా వాస్తుశిల్పి సెసిల్ పిన్సెంట్ చేతిమీదుగా ముందు ఇంటిని ఆనుకుని చిన్న తోట, తర్వాత నిమ్మతోట, ఆ తర్వాత మిగతా భాగాలుగా 1939 దాకా నడిచింది. ఇవాళ అందరూ ఫొటోలు తీసుకునే ఆ తోట అంత నింపాదిగా తయారైంది కాబట్టి మీ ప్రాంగణం ఈ సీజన్‌లో పూర్తవ్వాలని టెన్షన్ పడకండి.

నీడకి చెట్టా పందిరా అన్నది వచ్చే పాఠంలో, ఒక్క మాట మాత్రం ఇప్పుడే చెప్పాలి. చెట్టు పెట్టేట్టయితే దాని గుంత కొలత, కనీసం 1.5 మీటర్ల చదరం, నేల గీతలోనే వదలండి. నేలంతా పరిచేశాక పగలగొట్టడం ఎందుకు?

ఈ విడత పని: కుర్చీ పరీక్ష కాగితాలు, సున్నంతో గీసిన చదరం, దాని నాలుగు మూలల కొలతలు. గీసిన చదరంలో నిజంగానే బల్ల, కుర్చీలు వేసి రెండు పూటలు భోజనం అక్కడే చేయండి, ఇరుకనిపిస్తే గీత మార్చండి, సున్నమే కదా. తొట్టి అనుకున్న చోట నీళ్ల బకెట్ పెట్టి, ఇంట్లో పెద్ద కిటికీ లోంచి అది కనిపిస్తోందో లేదో చూసి రాసుకోండి. నాలుగో పాఠంలో పందిరి స్తంభాల దూరం, ఎత్తు లెక్కిస్తాం, దానికి మధ్యాహ్నం పన్నెండు గంటలకి మీ గోడ నీడ పొడవు ఎంతో కొలిచి ఉంచుకోవాలి.