ఇంట్లో హైఫై – 4వ పాఠం: ఒక పక్క పాట ఆగిపోతే

పోయిన పాఠంలో సీడీ ప్లేయర్, యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు కలిపాం. గాయని గొంతు రెండు స్పీకర్ల నడుమ నుంచి వచ్చేలా ప్లస్, మైనస్ సరిచూసుకున్నాం. ఇప్పుడు ఎడమ స్పీకర్ మూగబోయిందనుకుందాం.

మా ఇంట్లో ఇలాగే జరిగితే యాంప్‌ని రిపేరు షాపుకి మోసుకెళ్లాను. లోపల బోర్డు మార్చాలన్నారు. మనసొప్పక ఇంటికి తెచ్చి చూస్తే, బీరువా వెనక నలిగిన కేబుల్‌లో తీగ తెగి ఉంది. అందుకే మూత విప్పే ముందు తప్పు ఏ పెట్టెలో ఉందో మనమే తేల్చుకోవాలి. దానికి కావలసింది అటూ ఇటూ మార్చి చూసే ఓపిక.

ముందు బ్యాలెన్స్ నాబ్ (ఎడమ, కుడి శబ్దాన్ని హెచ్చుతగ్గులు చేసేది) మధ్యలో ఉందో లేదో చూడండి. తర్వాత యాంప్ ఆపేయండి. ప్రతి మార్పుకూ ముందు ఆపాలి, వాల్యూమ్ సున్నాకి తేవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి.

ప్లేయర్ నుంచి వచ్చే కేబుల్‌కి ఎర్ర పిన్ కుడిది, తెల్ల పిన్ ఎడమది. యాంప్ వెనక ఆ రెండూ ఒకదాని చోట ఒకటి పెట్టండి. ఇప్పుడు కుడి స్పీకర్ మూగబోయి, ఎడమది పాడిందా? అయితే యాంప్, స్పీకర్లు బాగున్నట్టే. తప్పు కేబుల్‌లోనో ప్లేయర్‌లోనో ఉంది. ప్లేయర్ వైపు పిన్నులు కూడా మార్చండి. అప్పటికీ కుడి పక్కే మూగగా ఉంటే తప్పు కేబుల్‌ది. మళ్లీ ఎడమకి వస్తే ప్లేయర్‌ది.

మొదటి మార్పు తర్వాత కూడా ఎడమదే మూగగా ఉంటే, తప్పు యాంప్‌లోనో, స్పీకర్‌లోనో, దాని వైర్‌లోనో ఉంది. పిన్నులు యథాస్థానంలో పెట్టేయండి. స్పీకర్ వైర్లు మార్చే ముందు మాత్రం ఆగండి. యాంప్ ఎడమ చానెల్ కాలిపోయి ఉంటే డీసీ కరెంటు (బ్యాటరీలోలా ఒకే దిశలో పారేది) బయటికి వచ్చి, బాగున్న స్పీకర్‌ని కూడా తినేస్తుంది. ఆ పక్క స్పీకర్ తీసేసి, పాట లేకుండా యాంప్ ఆన్ చేసి, స్పీకర్ వైర్లు తగిలించే టెర్మినల్స్ మీద మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) డీసీలో పెట్టి చూడండి. కొన్ని పదుల మిల్లీవోల్టుల లోపు ఉంటే భయం లేదు. వోల్టుల్లో చూపిస్తే ఇక ఏ స్పీకరూ తగిలించకండి, మెకానిక్‌కి ఇవ్వండి. అంతా సరిగా ఉంటే రెండు వైర్లూ యాంప్ దగ్గర మార్చండి. ఎడమ స్పీకర్ పాడి కుడిది ఆగితే తప్పు యాంప్‌ది. ఎడమది అప్పటికీ పలకకపోతే స్పీకర్‌నో దాని వైర్‌నో చూడాలి.

ఇక గుయ్‌మనే మోత. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోత ఎక్కువగా దాని నుంచే వస్తుంది. ఇన్‌పుట్ పిన్నులన్నీ పీకేసి వినండి. ఏ పిన్నూ లేకుండా, వాల్యూమ్ సున్నాలో కూడా మోగుతుంటే లోపల కరెంటుని నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లు బలహీనపడి ఉండొచ్చు. అవి ప్లగ్ తీశాక కూడా చార్జి దాచుకుంటాయి కాబట్టి మూత విప్పకండి.

పిన్నులు తీయగానే ఆగిపోతే మోత బయటి నుంచి వస్తోంది. సెట్‌టాప్ బాక్స్‌ని కూడా యాంప్‌కి కలిపిన ఇళ్లలో నేను ముందు అనుమానించేది కేబుల్ టీవీ తీగనే. అది వేరే చోటి ఎర్త్‌ని ఇంట్లోకి తెస్తుంది, రెండు ఎర్త్‌ల మధ్య పారే కరెంటు పాటలో కలుస్తుంది. ఆ తీగ పీకితే మోత ఆగిందంటే దొంగ దొరికినట్టే. అన్నిటినీ ఒకే స్విచ్‌బోర్డుకి పెట్టి చూడండి, తగ్గకపోతే కేబుల్ తీగకి ఐసొలేటర్ (రెండు ఎర్త్‌లు కలవకుండా విడదీసేది) వేయించండి. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. మోత పోవచ్చు, కానీ యాంప్ ఇనుప పెట్టెకి కరెంటు తగిలిన రోజు మనిషిని కాపాడేది ఆ పిన్నే.

ఈ వారం అభ్యాసం: మీ సెట్ బాగున్నప్పుడే ఎడమ తెల్ల పిన్ పీకేసి, పై వరసలో తప్పు వెతికినట్టు వెతకండి. ప్రతి వైర్‌కీ ఏది ఎక్కడిదో చీటీ అంటించండి. వాల్యూమ్ తిప్పితే గరగరమనే నాబ్ సంగతి 5వ పాఠంలో.