పెన్న వెంట సైకిల్ మీద: గండికోట నుంచి ఒంటిమిట్ట దాకా ఎలా వెళ్లాలి?

పెన్నా నది కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, అనంతపురం మీదుగా కడప జిల్లాలోకి వస్తుంది. గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుని బయటపడుతుంది. అక్కడి నుంచి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కడప, సిద్ధవటం పరిసరాల మీదుగా నెల్లూరు వైపు పోతుంది. ఈ దారంతా కారులో ఒకటిన్నర రోజులో చుట్టేయొచ్చు. చాలామంది గండికోటలో ఫొటో దిగి, ఒంటిమిట్టలో దండం పెట్టుకుని ఇల్లు చేరతారు. సైకిల్ మీద అదే దారికి నాలుగు రోజులు పడుతుంది. ఎర్రరాయి ఎక్కడ ఆగి నాపరాయి మొదలవుతుందో, నల్లరేగడి ఎక్కడ వస్తుందో, కాలువ నీళ్లు ఎక్కడి నుంచి పచ్చదనం తెస్తాయో ఆ నాలుగు రోజుల్లో కళ్లారా చూస్తాం.

ఒక్క మాట ముందే చెప్పాలి. సీమలో సైకిల్ టూర్‌ను కిలోమీటర్లతో ప్లాన్ చేసుకోకూడదు, గడియారంతో ప్లాన్ చేసుకోవాలి. నేను మొదటిసారి మార్చి నెలాఖరులో వెళ్లాను. రోజుకు ఎనభై కిలోమీటర్లు తొక్కగలను కదా అని ధైర్యం. జమ్మలమడుగు నుంచి గండికోటకు పదకొండు గంటలకు బయలుదేరాను. పదిహేను కిలోమీటర్లే. సగం దారిలో రెండు సీసాలూ ఖాళీ అయ్యాయి, చెమట పట్టడం ఆగిపోయింది, చేతులు వణికాయి. కంపచెట్టు కింద గొర్రెలు తోలుకుంటున్న ఒక పెద్దాయన "ఈ ఎండలో యాడికి పోతావు నాయనా, కూచ్చో కాసేపు" అని తన క్యాన్‌లో నీళ్లు పోశాడు. ఆ క్యాన్‌కు తడిగోనె చుట్టి ఉంది. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఆ రోజు నుంచి నా లెక్క మారింది. తెల్లవారుతుండగా బయలుదేరాలి, పదిన్నరకల్లా ఆగిపోవాలి, మళ్లీ కావాలంటే నాలుగు తర్వాతే. ఆ లెక్కన రోజుకు నలభై నుంచి యాభై కిలోమీటర్లు హాయిగా వస్తాయి.

ఎప్పుడు వెళ్లాలి

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మంచి కాలం. అక్టోబర్, నవంబర్‌లలో ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి. కొండలు పచ్చగా, నది నిండుగా చూడాలంటే అప్పుడే వెళ్లాలనిపిస్తుంది. కానీ ఆ నెలల్లో వాగులు ఎప్పుడు పొంగుతాయో చెప్పలేం. 2021 నవంబర్‌లో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే, అవి మోకాలి లోతున్నా సరే, సైకిల్ దింపొద్దు. వెనక్కి తిరగండి.

చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. నది వెంట దిగువకు వెళ్తున్నామంటే చాలా చోట్ల ఎదురుగాలి తగులుతుంది. పొద్దెక్కే కొద్దీ అది పెరుగుతుంది. పొద్దున్నే బయలుదేరమనడానికి ఇది రెండో కారణం.

సైకిల్, ముళ్లు

ఖరీదైన సైకిల్ అక్కర్లేదు. గేర్లుండాలి, బ్రేకు రబ్బర్లు కొత్తవై ఉండాలి, వెనుక గట్టి క్యారియర్ ఉండాలి. టైర్లు మాత్రం సన్నవి వద్దు. కనీసం 35 మిల్లీమీటర్ల వెడల్పున్నవి వేయించుకోండి. సామాను వీపుకు తగిలించుకోవద్దు. రెండో రోజుకే నడుము పట్టేస్తుంది. క్యారియర్‌కు రెండు వైపులా సమానంగా వేలాడదీయండి.

ఇక్కడ సైకిల్‌కు అసలు శత్రువులు రెండు, కంపముళ్లు, పల్లేరు కాయలు. దానికి తోడు బండల లారీల నుంచి రాలిన నాపరాయి పెచ్చులు కత్తుల్లా ఉంటాయి. రోడ్డు అంచు దిగి మట్టిలో ఆగితే పల్లేరు కాయలు అంటుకోవడం ఖాయం. ఆగాల్సి వస్తే సైకిల్ ఎత్తి పెట్టండి, నడిపించుకుంటూ పోవద్దు.

పంక్చర్ అయితే ఇలా చేయండి. చక్రం విప్పి, టైరు లీవర్లతో ఒక వైపు మాత్రమే టైరు లేపి ట్యూబు బయటికి లాగండి. కొంచెం గాలి కొట్టి, ట్యూబును పెదవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా తిప్పండి. చెవికి వినపడని గాలి కూడా పెదవికి తగులుతుంది. చిల్లు దొరికాక ట్యూబును టైరు పక్కన పెట్టి చూస్తే ముల్లు ఎక్కడుందో తెలుస్తుంది. అందరూ తప్పు చేసేది ఇక్కడే. బయటి నుంచి ముల్లు పీకి పని అయిపోయిందనుకుంటారు. కంపముల్లు మొన టైరు లోపలే విరిగి ఉండిపోతుంది. టైరు లోపలి వైపు వేలి కొసలతో చాలా నెమ్మదిగా తడమండి, లేదా ఒక గుడ్డ ముక్క తిప్పండి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ మొన ఉన్నట్టు. గోళ్లు తీసే కట్టర్‌తో దాన్ని లాగేయండి. తర్వాత ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది పూర్తిగా ఆరాకే ప్యాచ్ అంటించండి. తడిగా ఉండగా అంటిస్తే ఎండకు ఊడిపోతుంది.

రెండు స్పేర్ ట్యూబులు, ప్యాచ్‌లు, చేతిపంపు తప్పనిసరి. ఊళ్లలో పంక్చర్ షాపులు ఉంటాయి కానీ అవి మోటార్ సైకిళ్లకు అలవాటైనవి. మీ ట్యూబు వాల్వ్ సన్నదైతే వాళ్ల గాలి పైపు దానికి పట్టదు. ముప్పై నలభై రూపాయల అడాప్టర్ ఒకటి జేబులో ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

నీళ్లు, తిండి

మనిషికి మూడు లీటర్లకు తక్కువ కాకుండా పెట్టుకోండి. దాహం వేసే దాకా ఆగకుండా పావుగంటకు ఒకసారి రెండు గుక్కలు తాగండి. ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు తగ్గి తల తిరుగుతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి, ఊళ్లలో ఉప్పేసిన మజ్జిగ, నిమ్మసోడా అడగండి. నన్నారి షర్బత్ దొరికితే వదలొద్దు.

పొద్దున కారం దోశ, లేదంటే ఉగ్గాని బజ్జి. రెండింటిలో ఉగ్గానికే నా ఓటు. బొరుగులు తేలిగ్గా అరుగుతాయి, తిన్న పది నిమిషాలకే తొక్కొచ్చు. రాగి సంగటి మధ్యాహ్నానికి ఉంచుకోండి. సంగటి తిన్నాక నిద్ర వస్తుంది, ఎలాగూ అది ఆగే టైమే. తొక్కుతూ నమలడానికి వేయించిన చెనిక్కాయలు, బెల్లం ముక్క చాలు.

మొదటి రోజు: జమ్మలమడుగు నుంచి గండికోట

బయటి నుంచి వచ్చేవాళ్లు సైకిల్‌ను రైల్లో తెచ్చుకోవచ్చు. స్టేషన్‌లో పార్శిల్ ఆఫీసుకు గంటన్నర ముందే వెళ్లి లగేజీగా బుక్ చేయాలి. చిన్న స్టేషన్లలో రైలు రెండు నిమిషాలే ఆగుతుంది, లగేజీ వ్యాన్ తెరిచే లోపే కదిలిపోవచ్చు. అందుకే కడపకు బుక్ చేసుకుని అక్కడి నుంచి జమ్మలమడుగు చేరడం నయం. అక్కడికి ఆర్టీసీ బస్సులున్నాయి. ముందు చక్రం విప్పి డిక్కీలో పెట్టొచ్చా అని కండక్టర్‌ను మర్యాదగా అడిగి, లగేజీ టికెట్ తీసుకోండి. "అన్నా, కొంచెం చూడన్నా" అంటే చాలాసార్లు పని అయిపోతుంది.

గండికోట దారి మొదట చదునుగా మొదలై, తర్వాత నెమ్మదిగా ఎక్కుతుంది. నిటారు ఎక్కుడు కాదు, కానీ తెరిపి ఉండదు, నీడ తక్కువ. మధ్యాహ్నం ఎండ తగ్గాక బయలుదేరి సాయంత్రానికి పైకి చేరి, రాత్రి అక్కడే ఉండండి. పర్యాటక శాఖ వాళ్ల హరిత హోటల్ ఉంది. సెలవు రోజుల్లో ముందే బుక్ చేసుకోవాలి. కోట లోపలికి సైకిల్ మీదే వెళ్లొచ్చు, లోపల ఊరు కూడా ఉంది. ఇరుకు సందుల్లో పిల్లలు, మేకలు అడ్డం వస్తాయి, దిగి నడవండి. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. మాధవరాయ స్వామి గుడి గోపురం, జామియా మసీదు, ధాన్యాగారం, రంగనాథ స్వామి గుడి చూడాలి. ఫ్రెంచ్ వర్తకుడు తావెర్నియే 1652లో ఇక్కడికి వచ్చాడు.

లోయ అంచుకు మాత్రం తెల్లవారకముందే వెళ్లండి. రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన పెట్టెల్లా ఉంటాయి, సైకిల్ దూరంగా పెట్టి చేతులు ఖాళీగా ఉంచుకుని ఎక్కాలి. అక్కడ కంచె లేదని మరిచిపోవద్దు. మొదట కింద ఉన్నది నీళ్లో నీడో తెలియదు. వెలుగు ఎదుటి గోడ పైఅంచున పడి, ఒక్కో పొరా దిగుతూ వస్తుంది. బూడిద రంగు రాయి కళ్లముందే ఎర్రబారుతుంది. అరగంట పడుతుంది ఆ వెలుగు నీళ్లను తాకడానికి. ఆ అరగంట కోసమే ఈ ప్రయాణమంతా అన్నా నాకు సమ్మతమే.

ఒక జాగ్రత్త. కోటకు ఎగువన గండికోట జలాశయం ఉంది. తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు అందులో మునిగాయి. ఫోన్ మ్యాప్ అటువైపు ఏదైనా అడ్డదారి చూపిస్తే నమ్మకండి, ఊళ్లో అడగండి.

రెండో రోజు: మైలవరం మీదుగా ప్రొద్దుటూరు

దిగుడు కాబట్టి పొద్దున హాయిగా ఉంటుంది. జమ్మలమడుగులో టిఫిన్ చేసి, పక్కనే ఉన్న మైలవరం డ్యామ్ చూసి ప్రొద్దుటూరు చేరండి. ఈ దారుల్లో బండల లారీలు, సిమెంటు లారీలు ఎక్కువ. లారీ దాటేటప్పుడు గాలి ముందు బయటికి తోసి, తర్వాత లోపలికి లాగుతుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకోండి, బిగుసుకుపోవద్దు. ముక్కుకు తడి రుమాలు కట్టుకోండి. వాన పడ్డ మర్నాడు పొలాల అడ్డదారులు అసలు వద్దు. నల్లరేగడి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య చేరి చక్రాన్ని కదలనివ్వదు, పుల్లతో గీకినా రాదు.

మూడో రోజు: కడప

ఎర్రగుంట్ల, కమలాపురం వైపు నుంచి వెళ్లొచ్చు, మైదుకూరు, ఖాజీపేట వైపు నుంచీ వెళ్లొచ్చు. నేను రెండోదే చెబుతాను. కొంచెం దూరమైనా ఇది కేసీ (కర్నూలు-కడప) కాలువ పారే నేల. పందొమ్మిదో శతాబ్దంలో సాగుకే కాకుండా పడవలు నడపడానికి కూడా తవ్విన కాలువ ఇది. రెండు రోజులు రాళ్లు, కంపలు చూసిన కళ్లకు వరి మడులు, పసుపు తోటలు ఒక్కసారిగా ఎదురవుతాయి. మైదుకూరు నుంచి జాతీయ రహదారి, వాహనాల వేగం ఎక్కువ. తెల్లగీత బయటే ఉండండి, వెనుక ఎర్రలైటు పగలు కూడా వేసుకోండి.

మర్నాడు పొద్దున పుష్పగిరి వెళ్లి రండి. కడప నుంచి సుమారు 16 కిలోమీటర్లు. పెన్న ఒడ్డున చెన్నకేశవ స్వామి, వైద్యనాథ స్వామి గుళ్లున్నాయి. నది దాటే దగ్గర నీళ్లెంతున్నాయో బయలుదేరే ముందే కనుక్కోండి.

నాలుగో రోజు: సిద్ధవటం, ఒంటిమిట్ట

పుష్పగిరికి ఒక పూట కేటాయిస్తే ఇది ఐదో రోజవుతుంది. కడప నుంచి రాజంపేట రోడ్డు పట్టుకుని భాకరాపేట దగ్గర ఎడమకు తిరిగితే సిద్ధవటం. కోట గోడను ఆనుకునే పెన్న. అక్కడి నుంచి వెనక్కి వచ్చి ఒంటిమిట్ట కోదండరామాలయం చూసుకోండి. సీతారామలక్ష్మణుల విగ్రహాలు ఒకే శిలలో చెక్కారు కాబట్టి ఏకశిలానగరమని పేరు. శ్రీరామనవమి బ్రహ్మోత్సవాల రోజుల్లో ఈ రోడ్డు మీద సైకిల్ కష్టం.

సిద్ధవటం అవతల లంకమల అడవి. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఇక్కడే. అది రాత్రిపూట పొదల మధ్య నేల మీద తిరిగే పక్షి. దాని కోసమైనా సరే, అటవీ శాఖ అనుమతి లేకుండా ఆ తుప్పల్లోకి సైకిల్ తిప్పొద్దు. ఎర్రచందనం దొంగల కోసం నిఘా ఉండే అడవులివి. చీకటి పడ్డాక బ్యాగులతో లోపల కనిపిస్తే అనవసరమైన ఇబ్బంది.

కొండ ఎక్కాలనుకుంటే

కాళ్లలో ఇంకా బలముంటే కడప నుంచి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. ఆదివారం పొద్దున్నే వెళ్లండి. ఎక్కేటప్పుడు చిన్న గేరులో, కూర్చునే తొక్కండి. ఊపిరి ఆడుతూ మాట్లాడగలిగేంత వేగం చాలు. పైన పాలకోవా దుకాణాలు వరసగా ఉంటాయి. ఒకటి తిని, ఇంకో పావుకిలో కట్టించుకోండి.

దిగేటప్పుడే అసలు పని. బ్రేకు ఏకంగా పట్టి ఉంచితే రిమ్ము వేడెక్కి ట్యూబు పగలొచ్చు. రెండు బ్రేకులూ కలిపి పట్టి వదులుతూ, పట్టి వదులుతూ దిగండి. మలుపుకు ముందే వేగం తగ్గించండి, మలుపులో కాదు. లోడు లారీ మలుపు మొత్తం తీసుకుంటుంది, దాని పక్కన దూరే ప్రయత్నం చేయకుండా ఆగిపోండి. సగం దారిలో ఒకచోట ఆగి రిమ్ము దగ్గరికి చెయ్యి పెట్టి చూడండి. సెగ కొడుతుంటే పది నిమిషాలు కూర్చోండి. కట్టించుకున్న కోవా విప్పడానికి అదే సమయం.