ఓవర్‌సైజ్ అంటే పెద్ద సైజు కాదు: వదులు బట్టలు ఎలా ఎంచుకోవాలి, ఎలా వేసుకోవాలి

మీకు ఎల్ సైజు సరిపోతుంటే డబుల్ ఎక్స్ఎల్ కొనేసి దాన్నే ఓవర్‌సైజ్ అనుకోకండి. నేను మొదటి రెండేళ్లు అదే చేశాను. మామూలు డబుల్ ఎక్స్ఎల్ టీషర్ట్ అంటే ఆ ఒళ్లున్న మనిషికి అతికినట్టు ఉండేలా కోసిన బట్ట, మెడ కూడా ఆ మనిషి మెడకి తగ్గట్టే పెడతారు, అందుకే అది మనం వేసుకుంటే మెడ జారిపోతుంది, పొడవు తొడల మీదికి వస్తుంది, చంకల దగ్గర గుడ్డంతా పోగుపడుతుంది. అసలు ఓవర్‌సైజ్‌గా కోసిన టీషర్ట్‌లో మెడ మన మెడకి సరిగ్గా ఉంటుంది, పొడవు మన పొడవుకి తగ్గట్టు ఉంటుంది, వదులంతా ఛాతీలోనూ చేతుల్లోనూ ఉంటుంది. భుజం కుట్టు ఎముక మీద ఆగకుండా రెండు మూడు అంగుళాలు కిందికి దిగుతుంది. డ్రాప్ షోల్డర్ అని రాసేది దీన్నే. షాపులో చేతిలోకి తీసుకోగానే ముందు మెడ చూడండి. మెడపట్టీ అంగుళం దాకా వెడల్పుండి, లాగి వదిలితే వెనక్కి వచ్చేస్తే మంచి సరుకు. సాగి అలాగే ఉండిపోతే అక్కడే పెట్టేయండి, నాలుగు ఉతుకులకే వేలాడుతుంది.

కొలత చూడడం తేలిక. మీ దగ్గరున్న వాటిలో బాగా నచ్చిన టీషర్ట్‌ని మంచం మీద చదునుగా పరిచి ఈ చంక నుంచి ఆ చంక దాకా టేపు పెట్టండి. ఛాతీ చుట్టుకొలత 38 అంగుళాలున్న మనిషికి మామూలు టీషర్ట్ ఇలా పరిస్తే 20 అంగుళాల దగ్గర ఉంటుంది, ఓవర్‌సైజ్‌కి 22 నుంచి 24 చాలు. పొడవు ప్యాంటు జిప్పు మధ్యదాకా వచ్చి ఆగాలి, చెయ్యి మోచేతికి కాస్త పైన ఆగాలి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఎం, ఎల్ అనే అక్షరాలు నమ్మకండి, సైజు చార్టు తెరిచి అంగుళాలు చూడండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఓవర్‌సైజ్ అని రాసి అమ్ముతున్నదైతే మీ అసలు సైజే తీసుకోండి. వదులు వాళ్లే కలిపి కోస్తారు, దాని మీద మీరు ఇంకో సైజు పెంచితే రెండుసార్లు పెంచినట్టు.

ఇక గుడ్డ సంగతి. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాముల బరువుందో చెప్పే లెక్క. మామూలు టీషర్ట్‌లు 160 నుంచి 180 మధ్య ఉంటాయి, ఓవర్‌సైజ్ పేరుతో వచ్చేవి 220, 240, ఒక్కోసారి అంతకంటే పైన. బరువు గుడ్డ ఒంటికి అంటుకోకుండా నిలబడుతుంది, ఆకారం బాగుంటుంది, ఫోటోల్లో అందంగా కనిపిస్తుంది, నిజమే. కానీ మే నెలలో విజయవాడలో, రామగుండంలో ఎండ 45 డిగ్రీల దగ్గర ఆడుతున్నప్పుడు 240 జీఎస్ఎం వేసుకుని బస్టాండులో అరగంట నిలబడి చూడండి. వదులు బట్ట చల్లగా ఉండడానికి కారణం దాని సైజు ఒక్కటే కాదు, బట్టకీ ఒంటికీ మధ్య గాలి ఆడడం. ఎడారిలో తిరిగే బెడూయిన్ అనే సంచార జాతివాళ్లు నల్లటి అంగీలు ఎందుకు వేసుకుంటారని 1980లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నల్ల అంగీ ఎక్కువ వేడి పీల్చుకున్నా, తెల్ల అంగీ వేసుకున్నప్పుడు ఒంటికి చేరినంత వేడే చేరిందట, ఎందుకంటే లోపల కదిలే గాలి మిగతా వేడిని పైకి పంపేస్తుంది. కాబట్టి లోపల బిగుతు బనియను వేసుకుని, పైన మందపాటి టీషర్ట్ వేసుకుని, దాన్ని ప్యాంటులోకి దోపితే ఆ సుఖమంతా పోయినట్టే.

నా సలహా ఇది. మార్చి నుంచి జూన్ దాకా 180 నుంచి 200 జీఎస్ఎం నూలు చాలు. 240 పైన ఉన్నవి డిసెంబరు, జనవరి కోసం, లేదా రోజంతా ఏసీలో కూర్చునేవాళ్ల కోసం ఉంచండి. విశాఖ, కాకినాడ లాంటి తీర ఊళ్లలో గాలిలోనే తేమ ఉంటుంది కనుక చెమట త్వరగా ఆరదు, మందపాటి నూలు తడిసిందంటే సాయంత్రం దాకా తడిగానే ఉంటుంది, అక్కడ ఇంకా పలచనివే మేలు. గుడ్డ నేత పలచగా ఉందో లేదో తెలియాలంటే షాపులో లైటుకి ఎదురుగా పట్టుకుని చూడండి. పాలిస్టర్ సగం కలిసిన గుడ్డ చెమట సరిగ్గా పీల్చదు, ఎంత వదులుగా ఉన్నా ఉక్కపోతే.

ఈ మధ్య నేను టీషర్ట్‌ల కంటే చొక్కాల మీద ఎక్కువ మనసు పెట్టాను. మంగళగిరి నూలు గుడ్డ రెండున్నర మీటర్లు తీసుకెళ్లి మీ వీధి టైలర్‌కి ఇవ్వండి, "భుజం రెండంగుళాలు దించండి, ఛాతీలో ఆరంగుళాలు వదులు పెట్టండి, కాలర్ మాత్రం నా మెడకే" అని చెప్పండి. వయసులో పెద్దవాళ్లైన టైలర్లు మొదట ఒప్పుకోరు, "అలా కుడితే బాగోదు బాబూ" అంటారు. మీకు సరిపోయే ఓవర్‌సైజ్ టీషర్ట్ ఒకటి పట్టుకెళ్లి చూపిస్తే వెంటనే అర్థమైపోతుంది. నేను వేసుకున్న బట్టలన్నిటిలోకీ ఎండాకాలంలో ఇంతకంటే హాయైనది లేదు.

అసలు ఈ హాయి మనకి కొత్తదేమీ కాదు. నాన్న ఆఫీసు నుంచి రాగానే లుంగీలోకి మారడం, అమ్మ పెళ్లి నుంచి రాగానే పట్టుచీర మడతపెట్టేసి నైటీలోకి మారడం, ఆ క్షణంలో వాళ్ల మొహంలో కనిపించే తేడా మనందరం చూసినదే. వదులు బట్టల మోజు న్యూయార్క్ హిప్‌హాప్ కుర్రాళ్ల దగ్గర్నుంచి, కాలిఫోర్నియా స్కేట్‌బోర్డు పిల్లల దగ్గర్నుంచి మొదలై ఇక్కడికి వచ్చిన మాట నిజమే, అయితే 2020 లాక్‌డౌన్‌లో నెలల తరబడి ఇంటి బట్టల్లో గడిపిన పిల్లలు మళ్లీ బిగుతు జీన్స్‌లోకి వెళ్లడానికి ఇష్టపడకపోవడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. గుమ్మం లోపలి సుఖాన్ని వీధిలోకి తెచ్చుకున్నారు, అంతే. ఇంట్లో పెద్దవాళ్లు "గోనెసంచిలా ఉంది", "దిష్టిబొమ్మలా ఉన్నావు" అన్నప్పుడు నేను వాదించడం మానేసి ఈ లుంగీ మాటే చెబుతాను. మా నాన్నకి అది అర్థమైంది. అలాగని పెద్దవాళ్ల మాట ప్రతిసారీ తీసిపారేయకండి. ఇంటర్వ్యూకి, చావు ఇంటికి ఒంటికి సరిపోయే బట్టలే వేసుకోవాలి. తిరుమలలో ఆర్జిత సేవలకైతే సంప్రదాయ దుస్తుల్లోనే వెళ్లాలి, అక్కడ టీషర్ట్ మాటే వద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. ఇంటర్‌లో నేను 92 కిలోలు ఉండేవాణ్ని. యూనిఫాం చొక్కా గుండీల మధ్య తెరుచుకునేది, క్లాసు జరుగుతున్నంతసేపూ దాన్ని లాక్కుంటూ కూర్చునేవాణ్ని, బోర్డు మీది లెక్క సగం బుర్రలోకి ఎక్కేది కాదు. తెలివి తక్కువేమో అనుకునేవాణ్ని. చాలా ఏళ్లకి 1998లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం గురించి చదివాను. కొందరు యువతీ యువకుల్ని గదిలో ఒంటరిగా అద్దం ముందు ఈత దుస్తులు వేసుకోమన్నారు, కొందరిని స్వెట్టర్ వేసుకోమన్నారు, తర్వాత లెక్కల పరీక్ష పెట్టారు. ఈత దుస్తులు వేసుకున్న అమ్మాయిలు స్వెట్టర్ వేసుకున్న అమ్మాయిల కంటే తక్కువ చేశారు, అబ్బాయిల్లో ఆ తేడా రాలేదు. బుర్రలో కొంత భాగం "నేను ఎలా కనిపిస్తున్నాను" అనే కాపలా పనికి వెళ్లిపోతే చదువుకి మిగిలేది తక్కువ. అబ్బాయిల్లో తేడా లేదన్నారు గానీ, నా గుండీల సంగతి నాకు తెలుసు. బీటెక్‌లో రూమ్మేట్ ఇచ్చిన వదులు టీషర్ట్ మొదటిసారి వేసుకున్న రోజు, సాయంత్రం దాకా నా పొట్ట గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదని రాత్రి పడుకునేటప్పుడు గుర్తొచ్చింది. మంచి బట్టకి నా కొలమానం అదే, వేసుకున్నాక దాన్ని మర్చిపోగలగాలి.

కానీ అదే బట్ట దాక్కునే చోటు కూడా అవుతుంది. నేను ఆ తర్వాత సంవత్సరం మే నెలలో హూడీ వేసుకుని తిరిగాను, చెమటతో కళ్లు తిరుగుతున్నా విప్పలేదు. పెద్దమ్మ కొడుకు పెళ్లికి అందరికీ ఒకేలాంటి కుర్తాలు కుట్టిస్తున్నారని తెలిసి, పరీక్షలని అబద్ధం చెప్పి వెళ్లలేదు. ఆ పెళ్లి ఫోటోల్లో నేను లేను, అది ఇప్పటికీ బాధే. అందుకే ఒక పరీక్ష చెబుతాను, అప్పుడప్పుడు చేసుకోండి. మీ దగ్గర ఉన్న సరిగ్గా అతికే చొక్కా ఒకటి వేసుకుని దగ్గర్లోని కిరాణా కొట్టుకి వెళ్లి రండి. కాస్త ఇబ్బందిగా అనిపించి ఇంటికొచ్చి మార్చుకుంటే ఏం పర్వాలేదు, మీకు వదులు ఇష్టం, అంతే. అసలు గుమ్మం దాటలేకపోతే, వదులు బట్ట ఉతుకులో ఉందని ఆ రోజు క్లాసు మానేస్తుంటే, తినడం మానేస్తుంటే, అది బట్టల విషయం కాదు. ఇంట్లో నమ్మకమున్న మనిషికి చెప్పండి. చెప్పలేకపోతే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, ఉచితం, రాత్రీ పగలూ తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు.

అమ్మాయిలకి ఇంకో బరువు ఉంది. మా చెల్లి మెట్రోలో చూపులు తప్పించుకోవడానికే ఓవర్‌సైజ్ వేసుకోవడం మొదలుపెట్టింది, చున్నీ సర్దుకునే పని తప్పిందని సంతోషపడింది కూడా. దాని సుఖం నాకు అర్థమవుతుంది, ఆ కారణం మాత్రం నాకు కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే తప్పు చూసేవాడిది. వదులు బట్ట వేసుకున్న రోజు కూడా చూసేవాడు చూశాడని మా చెల్లే చెప్పింది. కాబట్టి మీకు హాయిగా ఉంటే వేసుకోండి, అది కవచం అనుకుని మాత్రం వద్దు. కొలతల్లో ఒక చిన్న తేడా ఉంది, మందపాటి గుడ్డ ఛాతీ దగ్గర్నుంచి నేరుగా కిందికి గుడారంలా దిగుతుంది, అందుకని అమ్మాయిలకి జారుడుగా ఉండే మెత్తటి గుడ్డే బాగుంటుంది, లేకపోతే ముందు అంచు మాత్రం కొంచెం ప్యాంటులోకి దోపండి.

పొట్టిగా ఉన్నవాళ్లు పైనా కిందా రెండూ వదులుగా వేసుకోవాలంటే టీషర్ట్ పొడవు తగ్గించాలి, ఆల్టరేషన్ షాపులో పది నిమిషాల పని. బ్యాగీ ప్యాంటు అంచు నేలకి రాసుకోకూడదు, చెప్పుకి అరంగుళం పైన ఉండాలి, వానాకాలంలో ఇంకా పైన. బండి ఎక్కేముందు ప్యాంటు అంచుని రెండు మడతలు పైకి చుట్టండి, లేదా రబ్బరు బ్యాండు పెట్టండి. చున్నీ, చీరకొంగు చక్రంలో చుట్టుకున్నట్టే బ్యాగీ జీన్స్ కూడా గొలుసులోకి పోతుంది, కిక్ రాడ్‌కి తగులుకుంటుంది, సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టబోతే కాలు రాదు. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఉతుకు దగ్గర చాలామంది మంచి టీషర్ట్ పాడుచేసుకుంటారు. నూలు అల్లిక గుడ్డ ఉతికితే 5 శాతం దాకా కుంచించుకుపోవచ్చు, అంటే 28 అంగుళాల పొడవులో దాదాపు అంగుళంన్నర, అందుకే ప్రీ ష్రంక్, అంటే ముందే కుదించిన గుడ్డ అని రాసున్నది చూసి కొనండి. తిరగేసి, చన్నీళ్లలో, బ్రష్ కొట్టకుండా ఉతకండి. బొమ్మ మీద ఇస్త్రీ పెట్టకండి, లోపలి వైపు నుంచి చేయండి. తడి టీషర్ట్‌ని హ్యాంగర్‌కి వేలాడదీస్తే నీళ్ల బరువుకి భుజాలు సాగిపోయి మెడ జారుతుంది, అందుకని తీగ మీద సగానికి మడిచి, నీడలో, చంకల దగ్గర క్లిప్పులు పెట్టి ఆరేయండి.