స్కేట్‌బోర్డుకు పనికొచ్చే చోటును ఎలా ఎంచుకోవాలి?

ఒక భవనం ముందు నున్నటి రాతి అరుగు ఉందనుకోండి. దారిన పోయేవాళ్లకు అది కాసేపు కూర్చునే చోటు. స్కేటర్లు మాత్రం దాని అంచును వేలితో తడిమి చూస్తారు, ఆ తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి నేలను పరికిస్తారు. ఆట కోసం కట్టకపోయినా ఆటకు పనికొచ్చే ఇలాంటి అరుగులు, మెట్లు, వాలు గోడలు, కమ్మీలు ఉన్న చోటును వాళ్లు ‘స్పాట్’ అంటారు.

కొత్తగా నేర్చుకునేవాళ్ల చూపు ముందుగా అడ్డంకి మీద పడుతుంది. మెట్లెన్ని, అరుగు ఎంత ఎత్తు అని లెక్కలు వేస్తారు. చూడవలసిన వరుస దీనికి తలకిందులు. ముందు నేల, తర్వాత వచ్చిపోయే జాగా, ఆపైన అక్కడి మనుషులు, అన్నిటికన్నా ఆఖరున అడ్డంకి. నేల బాగుంటే కాలిబాట అంచు ఒక్కటి చాలు, సాయంత్రమంతా గడిచిపోతుంది. నేల బాగాలేకపోతే ఎంత గొప్ప మెట్ల వరుస అయినా దండగే.

1. ముందు నేల

వీధి స్కేటింగ్‌కు వాడే చక్రాలు చిన్నవి, గట్టివి. వ్యాసం సాధారణంగా 50 నుంచి 54 మిల్లీమీటర్లు, గట్టిదనం 99ఏ చుట్టుపక్కల ఉంటుంది (‘ఏ’ గట్టిదనపు కొలత, అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిది). 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్దీ యూరిథేన్ అనే ప్లాస్టిక్ చక్రాలను అమ్మకానికి తెచ్చేదాకా బోర్డులకు మట్టి మిశ్రమంతో చేసిన చక్రాలు, ఇనుప చక్రాలు ఉండేవి. వాటితో పోలిస్తే ఇప్పటివి ఎంతో నయం. అయినా చిన్న గులకరాయి అడ్డం పడితే చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. బోర్డు ఆగుతుంది, మీరు ఆగరు. అందుకే చాలామంది స్కేటర్ల సంచిలో ఒక చిన్న చీపురు ఉంటుంది.

ఊడ్చిన తర్వాత బోర్డెక్కి ఒకే ఒక్కసారి కాలితో నెట్టుకుని ఎంత దూరం పోతారో చూడండి. చప్పుడు కూడా వినండి. నున్నటి గ్రానైట్ మీద బోర్డు దాదాపు సడి లేకుండా సాగిపోతుంది. పలకలు పరిచిన చోట అతుకు అతుకుకూ టకటకమంటుంది, అది భరించవచ్చు. గరుకు తారు మీదికి వస్తే గరగరమని మోత, అరికాళ్లలో తిమ్మిరి, చూస్తుండగానే తగ్గిపోయే వేగం. అలాంటి నేల తప్ప మరో దిక్కు లేకపోతే 78ఏ నుంచి 87ఏ దాకా ఉండే మెత్తని, కాస్త పెద్ద చక్రాలు బిగించుకోండి. ప్రయాణం హాయిగా సాగుతుంది గానీ, పక్కకు జారించే విన్యాసాలకు మాత్రం అవి మొరాయిస్తాయి.

బీటల విషయంలో వెడల్పు చూడాలి. చక్రం దిగబడే బీట మీ దారిలో ఉంటే ఆ చోటును వదిలేయడమే మేలు. సన్నని బీటలైతే మోకాళ్లు వంచి, ముందు కాలి మీద బరువు తగ్గించి దాటవచ్చు. వంగడం అనగానే గుర్తొచ్చేది ఒట్టో అనే బుల్‌డాగ్. 2015లో పెరూ రాజధాని లిమాలో అది స్కేట్‌బోర్డు ఎక్కి, కాళ్లు ఎడంగా పెట్టి వరుసగా నిలబడ్డ 30 మంది కాళ్ల సందుల్లోంచి దూసుకుపోయి గిన్నిస్ రికార్డు కొట్టింది. పొట్టి కాళ్లు, నేలకు దగ్గరగా బరువు. ఈ ఆటకు పుట్టుకతోనే తగిన శరీరం దానిది. మనం ఆ లోటును మోకాళ్లతో పూడ్చుకోవాలి.

నేల తడిగా ఉంటే వెనక్కి వచ్చేయండి. నునుపు రాయి మీద చక్రాలు పట్టు తప్పుతాయి, బేరింగులు తుప్పు పడతాయి, పాదాలు పెట్టి నిలబడే పలక, అంటే డెక్కు, పొరలు పొరలుగా అతికించిన కర్ర కాబట్టి ఉబ్బిపోతుంది.

2. వచ్చే దారి, పోయే దారి

అడ్డంకి దాకా రావడానికి మూడు నాలుగు సార్లు కాలితో నెట్టుకునేంత జాగా ఉండాలి. ఆఖరి తోపు తర్వాత పాదాలను బోర్డు మీద సర్దుకోవడానికి కూడా సమయం కావాలి. దీన్ని అందరూ చూసుకుంటారు. మరిచిపోయేది దిగిన తర్వాతి జాగా. విన్యాసం కుదిరితే మీరు పోయే వేగం, కుదరకపోతే మీరు లేకుండా బోర్డు పోయే దిక్కు, రెండూ ఊహించుకోండి. ఆ దిక్కున వాహనాలు తిరిగే రోడ్డు, గాజు తలుపు, పిల్లలు ఆడే చోటు ఉంటే అది స్పాట్ కాదు.

3. ఎవరి చోటు, ఏ వేళ

ఆఫీసుల ముందున్న ఆవరణలు పనిరోజుల్లో కిటకిటలాడతాయి, సెలవురోజు తెల్లవారుజామున ఖాళీగా ఉంటాయి. అక్కడి నిబంధన బోర్డు చదవండి, కాపలా మనిషి ఉంటే అడగండి. ‘ఒక అరగంట, ఈ మూల మాత్రమే’ అని అడిగితే ఒప్పుకునేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకపోతే వాదించకుండా వెళ్లిపోవాలి. అక్కడ గొడవ పడితే ఆ తర్వాత వచ్చే ప్రతి స్కేటరూ దాని ఫలితం అనుభవిస్తారు.

నిషేధాలకు ఈ ఆటలో పెద్ద చరిత్రే ఉంది. నార్వే 1978 నుంచి 1989 దాకా స్కేట్‌బోర్డులను దేశమంతటా నిషేధించింది, అమ్మడం కూడా నేరమే. ఇప్పుడు దేశం మొత్తానికి ఒక చట్టం చేయడం కన్నా అరుగు అంచున జానెడు జానెడు దూరంలో లోహపు గుబ్బలు బిగించడం తేలిక. అవి కనిపిస్తే ఆ యజమాని మాట మీకు చెప్పకనే చెప్పినట్టు. పీకే ప్రయత్నం చేయకండి.

4. ఇప్పుడు అడ్డంకి

వీధిలోని వస్తువులు ఆటకు పనికొచ్చేలా చేసింది ఒల్లీ. చేత్తో పట్టుకోకుండానే బోర్డుతో సహా గాల్లోకి లేచే ఎగురు అది. 1970ల చివర్లో ఫ్లోరిడాలో అలన్ గెల్‌ఫాండ్ దాన్ని వాలు గోడల మీద కనిపెట్టాడు, 1980ల మొదట్లో రాడ్నీ ముల్లెన్ చదును నేల మీదికి తెచ్చాడు. కాబట్టి నిలకడగా ఒల్లీ వచ్చేదాకా అరుగుల జోలికి పోనక్కర్లేదు.

ఎత్తు కొలవడానికి టేపు అక్కర్లేదు. బోర్డును పక్కకు నిలబెట్టండి. డెక్కు వెడల్పు దాదాపు 8 అంగుళాలు, అంటే 20 సెంటీమీటర్లు. అరుగు అంతకన్నా ఎత్తుగా ఉంటే మొదటి రోజుల్లో దాన్ని పక్కన పెట్టండి.

ఇక అంచు. దాని పొడవునా వేలిని నడిపించండి. పెచ్చులు ఊడిన చోట ట్రక్కు, అంటే చక్రాలను డెక్కుకు బిగించే లోహపు ఇరుసు, ఇరుక్కుంటుంది. అక్కడక్కడా నల్లటి మరకలు, నున్నగా అరిగిన గీతలు కనిపిస్తే మీకన్నా ముందే ఎవరో వచ్చి వెళ్లారన్నమాట. సిమెంటు అంచు గరుకుగా ఉంటే కొవ్వొత్తి మైనం పనికొస్తుంది, అదీ ఇతరుల అనుమతితోనే. పై అంచునా పక్క అంచునా మూరెడు మేర పల్చగా రుద్ది, ఒకసారి జారి చూసి, చాలకపోతేనే మరికొంత రుద్దాలి. ఎక్కువైతే ట్రక్కులు ఊహించనంత వేగంగా జారి మనిషి వెల్లకిలా పడతాడు. నలుగురూ నడిచే మెట్లకు, చేత్తో పట్టుకునే కమ్మీలకు మైనం పూయడం మాత్రం క్షమించరాని పని. ముసలివాళ్లు ఆ కమ్మీని నమ్ముకునే మెట్లు దిగుతారు.

5. మొదటి పరుగులు

హెల్మెట్, మణికట్టు పట్టీలు వేసుకోండి. మొదట ఏ విన్యాసమూ లేకుండా అరుగు పక్క నుంచి అదే వేగంతో నాలుగైదు సార్లు వెళ్లండి. తర్వాత ఒల్లీతో పైకెక్కి, నిలబడి, దిగండి. అది అలవాటయ్యాకే రెండు ట్రక్కులూ అంచు మీద ఆనించి జారే ఫిఫ్టీ ఫిఫ్టీ గ్రైండ్. భయం వేస్తే సగంలో ఆగవద్దు. ఒక కాలు బోర్డు మీద, ఒక కాలు నేల మీద ఉన్నప్పుడే చీలమండలు బెణుకుతాయి. పూర్తిగా చేయండి, లేదా బోర్డును వదిలి దూకేయండి. పడేటప్పుడు చేతులు బిగుసుగా చాచకుండా భుజం మీదుగా దొర్లాలి.

6. అక్కడివాళ్లతో

వరుస తప్పి ఇంకొకరి దారిలోకి దూరడం పెద్ద తప్పు. ఎవరైనా కష్టమైన విన్యాసం నిలబెడితే చప్పట్లకు బదులు బోర్డు తోకను నేలకేసి తడతారు, మీరూ తట్టండి. ప్రసిద్ధ స్పాట్లకు జ్ఞాపకశక్తి ఎక్కువ. ఫ్రాన్సులోని లియాన్‌లో 25 మెట్ల వరుసను 2002లో అలీ బౌలాలా దూకబోయి నిలవలేకపోయాడు. 2015లో ఆరన్ హోమోకీ దాన్ని దూకి నిలిచాడు. మెట్లు అవే, మధ్యలో గడిచింది 13 ఏళ్లు. ఎవరు ఎక్కడ ఏది చేశారో తెలుసుకుని వెళ్తే అక్కడివాళ్లు మిమ్మల్ని త్వరగా కలుపుకుంటారు.

7. చోటు పోయే ప్రమాదం వస్తే

ఫిలడెల్ఫియాలోని లవ్ పార్కులో స్కేటింగ్ నిషేధించినప్పుడు, ఆ పార్కు ఆలోచనకు మూలపురుషుడైన నగర ప్రణాళికా నిపుణుడు ఎడ్మండ్ బేకన్ 2002లో స్వయంగా అక్కడికి వచ్చాడు. ఆయన వయసు అప్పటికి 92. ఇద్దరు పట్టుకోగా హెల్మెట్ పెట్టుకుని స్కేట్‌బోర్డు ఎక్కి నిషేధాన్ని ధిక్కరించాడు. ఆయన ధిక్కారం వార్త అయింది గానీ నిషేధం తొలగలేదు.

లండన్‌లోని సౌత్‌బ్యాంక్ స్కేటర్లు వేరే దారి పట్టారు. 1970ల నుంచి తాము ఆడుతున్న, అక్కడి కళల కేంద్రం భవనం కింది జాగాను దుకాణాలుగా మార్చే ప్రతిపాదన 2013లో రాగానే అక్కడే బల్ల వేశారు. వచ్చేపోయేవాళ్ల సంతకాలు తీసుకుని, అభ్యంతరాలు రాయించి, చట్టపరంగా పట్టుబట్టారు. 2014లో ఆ చోటు స్కేటర్లకే ఉండేలా ఒప్పందం కుదిరింది, అంతకుముందు మూసేసిన ఒక భాగం కూడా 2019లో మళ్లీ తెరుచుకుంది. మీ స్పాట్‌కు అలాంటి ముప్పు వస్తే స్థానిక పాలక సంస్థకు విన్నపం రాతపూర్వకంగా ఇవ్వండి. అక్కడ ఏళ్ల తరబడి ఆడుతున్నట్టు చూపే పాత ఫోటోలు తేదీలతో జత చేయండి, స్కేటర్లు కానివాళ్ల సంతకాలు కూడా తీసుకోండి, అభ్యంతరాలకు ఇచ్చిన గడువు దాటనివ్వకండి.